40 నిమిషాల ఆట అన్ని వారాలు ఎందుకు సాగుతుంది? (స్లామ్ డంక్: మాంగా, టీవీ, సినిమా)

గోదారిగట్టు

బడి పిల్లల బాస్కెట్‌బాల్ జట్టు మీద వచ్చిన జపాన్ కథ స్లామ్ డంక్ టీవీ అనిమే (యానిమేషన్) 101 భాగాలూ చూడాలని కూర్చుని, సగానికి రాకముందే నాకు ఓపిక నశించింది. ఒక ఆటగాడు బంతి పట్టుకుని గాలిలోకి లేస్తాడు. అతడు నేల మీదికి దిగకముందే, ఎదుట నిలబడ్డ ప్రత్యర్థి పాత సంగతి ఒకటి తలచుకుంటాడు, బెంచీ మీద ఉన్నవాడు ఆ ఎత్తుగడ ఏమిటో వివరిస్తాడు, పై వరుసల్లో కూర్చున్న వేరే బడి పిల్లలు నోళ్ళు తెరుస్తారు, అప్పుడు గానీ బంతి చేతిని వదలదు. మా నాన్నగారు 30 ఏళ్ళు డ్రిల్లు మాష్టారుగా పనిచేసి, ఎన్నో జట్లకు బాస్కెట్‌బాల్ నేర్పిన మనిషి. ఆయన రెండు భాగాలు చూసి, “బంతి కింద పడేలోపు ఇంత మాట్లాడే తీరిక ఎవరికి ఉంటుందిరా” అని లేచి వెళ్ళిపోయారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ తర్వాత అదే కథ మీద 2022లో వచ్చిన ‘ది ఫస్ట్ స్లామ్ డంక్’ సినిమా చూశాను. అక్కడ ఈ సాగదీత దాదాపుగా లేదు, కానీ కథానాయకుడే మారిపోయాడు. మూలమైన మాంగా (జపాన్ బొమ్మల కథ) మొత్తం చదివినవారు చెప్పాలి. ఈ సాగదీత మూలంలోనే ఉందా, టీవీ వాళ్ళు తెచ్చిపెట్టిందా?

రీబౌండ్‌రాజు

మూలంలోనే ఉంది, పైగా ఇది స్లామ్ డంక్‌తో మొదలైన అలవాటు కాదు. 1981లో మొదలైన కెప్టెన్ త్సుబాసా మాంగా టీవీకి ఎక్కినప్పుడు, ఫుట్‌బాల్ మైదానం ఎంత పొడవుగా కనబడేదంటే, పరిగెత్తేవాడికి అవతలి గోల్ స్తంభాలు నేల వంపు దాటి మెల్లగా పైకి లేచేవి. దాన్ని చూస్తూ పెరిగినవారికి స్లామ్ డంక్ చాలా వేగంగా నడిచినట్టే అనిపిస్తుంది.

సిరాచుక్క

గోదారిగట్టు గారూ, మూలంలో ఉన్నదాన్ని సాగదీత అనడం నాకు సమ్మతం కాదు. కథానాయకుడి బడి షోహోకు, సన్నో బడి జట్టుతో ఆడే ఆఖరి పెద్ద ఆట 25వ సంపుటంలో మొదలై 31వ సంపుటంలో, అంటే ఆఖరి సంపుటంలో, ముగుస్తుంది. ఆట గడియారం ప్రకారం అది 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. కానీ పుస్తకంలో కాలం చదివేవాడి బొటనవేలి కింద ఉంటుంది. ఒక పేజీలో ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు తిప్పాలో నిర్ణయించేది మనమే కనుక, గాలిలో లేచినవాడు రెండు పేజీల పాటు గాలిలోనే ఉన్నా కన్ను దాన్ని ఒక్క ఊపులో అందుకుంటుంది. అతని పక్కన రాసిన ఆలోచన కూడా ఆ ఊపులోనే చదివేస్తాము. అదే ఆలోచనను టీవీలో ఒక నటుడు గొంతు విప్పి పలకాలంటే ఆరేడు సెకన్లు పడుతుంది. మీ నాన్నగారు పట్టుకున్న లోపం ఆ ఆరేడు సెకన్లలో ఉంది.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇనోవే తకెహికో ఈ కథను 1990 నుంచి 1996 వరకు షోనెన్ జంప్ వారపత్రికలో వేశారు. వారానికి సుమారు 20 పేజీలు. ఆ కొద్ది పేజీల్లోనే పాఠకుడికి ఒక మలుపు దొరకాలి, వచ్చే వారం దాకా మనసులో ఒక ప్రశ్న మిగలాలి. ఒక ఆట 20 పేజీల్లో ముందుకు జరగగలిగేది ఒకటి రెండు బుట్టల మేరకే. ఆ రెండు బుట్టలకు బరువు రావాలంటే వాటి వెనుక ఉన్న మనిషిని చూపించక తప్పదు.

ఖమ్మంచదువరి

ప్రేక్షకుల వ్యాఖ్యానం గురించి ఎవరూ చెప్పలేదు. జపాన్‌లో అప్పట్లో పిల్లలకు బేస్‌బాల్ తెలిసినంతగా బాస్కెట్‌బాల్ నియమాలు తెలియవు. అందుకే కథానాయకుడు హనమిచి సకురాగి ఆట ఓనమాలు కూడా రానివాడు. హరుకో అనే అమ్మాయి మెప్పు కోసం జట్టులో చేరతాడు, బుట్ట దగ్గరికి పరుగెత్తి వేసే లేఅప్‌ను “సామాన్యుల షాట్” అని పిలుస్తాడు, వరుసగా ఫౌళ్ళు చేసి బయటికి పోతాడు. అతనితో పాటే పాఠకుడు కూడా ఫౌల్ అంటే ఏమిటో, రీబౌండ్ ఎందుకు ముఖ్యమో నేర్చుకుంటాడు. అతడు నేర్వని సంగతులను గట్టు మీద కూర్చున్నవాళ్ళు చెబుతారు.

మన బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు కదా. ఒకరు అడుగుతూ విడమరుస్తారు, ఇంకొకరు నవ్విస్తారు, కథకుడు ఊపిరి తీసుకునేలోపు విన్నవాళ్ళకు విషయం స్థిరపడుతుంది. ఈ మాంగాలో ప్రేక్షకుల పని నాకు అచ్చంగా ఆ వంత పనిలాగే కనిపిస్తుంది.

సిరాచుక్క

ఖమ్మంచదువరి గారి పోలిక నాకు నచ్చింది, కానీ ఒక తేడా ఉంది. వంతకు కథలో స్వార్థం ఉండదు. సన్నో ఆట చూస్తూ గట్టు మీద కూర్చున్న కైనన్ జట్టువారు ఆ ఏడాది షోహోకును 90-88తో ఓడించినవారు. షోహోకు బలం ఎంతో, లోపం ఎక్కడో ఒంటికి తగిలి తెలిసినవారు. కైనన్ కెప్టెన్ మాకి ముఖం మారిందంటే అది ఒక కొలబద్ద. ఇనోవే చాలాచోట్ల అతనితో మాట్లాడించకుండా ముఖం మాత్రమే చూపిస్తారు, అది చాలు.

పాయింట్‌గార్డ్

నేను పైవారందరితో ఒక విషయంలో విభేదిస్తాను. మీరంతా ఈ కాలపు సాగతను కథన సౌకర్యంగా చూస్తున్నారు. నేను ఇంటర్ చదివే రోజుల్లో వరంగల్‌లో జిల్లా స్థాయి ఆటలు ఆడాను. ఒక ఆటలో మేము ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, సమయం అయిపోవస్తుండగా, నాకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. రింగు వెనక సిమెంటు గోడ మీద సున్నం పెచ్చులు లేచిన చోటు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఎడమ బూటు తాడు వదులుగా ఉన్న సంగతి, మా అమ్మ ఆ రోజు పొద్దున డబ్బాలో ఏమి పెట్టిందన్న సంగతి, మొదటి బంతి పోతే రెండోదాన్ని ఎలా వేయాలన్న లెక్క, అన్నీ ఆ నాలుగైదు సెకన్లలో మనసులో తిరిగాయి. మొదటిది పోయింది, రెండోది పడింది, అదనపు సమయంలో ఓడిపోయాము.

అందువల్ల గోదారిగట్టు గారి నాన్నగారికి నేను వినయంగా చెప్పేది ఇది. బయట నిలబడ్డవారికి అంత తీరిక కనిపించదు. లోపల ఉన్నవాడికి మాత్రం కాలం అలాగే ఉంటుంది.

గోదారిగట్టు

పాయింట్‌గార్డ్ గారూ, మీ మాట నాన్నగారికి చదివి వినిపించాను. “ఫ్రీ త్రో దగ్గర గడియారం ఆగి ఉంటుంది, అక్కడ ఆలోచన వస్తుంది. పరుగులో ఉన్నవాడికి రాదు” అన్నారు. నాకు కూడా ఆయన మాటే సరి అనిపిస్తోంది. పరుగులో ఉన్నవాడు ఆలోచించడం ఎందుకు?

పాయింట్‌గార్డ్

మాష్టారి మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటున్నాను. పరుగులో కాలు, చెయ్యి ఆలోచిస్తాయి.

కమకురారైలు

ఉద్యోగరీత్యా యోకొహామాలో ఉంటున్నాను. టీవీ అనిమే ప్రారంభ గీతంలో కనిపించే రైల్వే క్రాసింగ్ కమకురా కోకోమయే స్టేషన్ పక్కనే ఉంది. సెలవు రోజున వెళితే సముద్రం వైపు తిరిగి, ఎనోడెన్ రైలు ఎప్పుడు వస్తుందా అని ఫోన్లు పైకి పట్టుకుని నిలబడ్డ జనం కనబడతారు. అక్కడ కూడా అందరూ గడియారం చూసుకుంటూ ఒక్క క్షణం కోసమే ఎదురుచూస్తారు.

టీవీ సాగదీతకు కారణం మాత్రం మామూలుది. మాంగా మొదలైన మూడేళ్ళకు, 1993 అక్టోబరులో, తోయె యానిమేషన్ దాన్ని వారం వారం టీవీలో మొదలుపెట్టింది. అప్పటికి కథ ఇంకా సాగుతూనే ఉంది. మాంగాను టీవీ దాటిపోకూడదు, అలాగని వారం ఖాళీగా వదలకూడదు. కాబట్టి ఒక్క అధ్యాయంలో ఉన్న కొద్ది పాటి ఆటను అరగంట కార్యక్రమానికి సరిపెట్టాలి. పరుగెత్తే కాళ్ళు మళ్ళీ మళ్ళీ చూపించారు, ఒకే ఆశ్చర్యాన్ని ముగ్గురి ముఖాల మీద చూపించారు. చివరికి 1996 మార్చిలో, జాతీయ పోటీలు మొదలుకాకముందే, షోయో, ర్యోనన్ బడుల జట్లు కలిసి షోహోకుతో ఆడిన ఒక ప్రాక్టీసు ఆటతో ముగించేశారు. మాంగా ముగిసింది ఆ తర్వాతే. అంటే టీవీ మాత్రమే చూసినవారు సన్నో ఆటను 26 ఏళ్ళ పాటు తెర మీద చూడలేకపోయారు.

రీబౌండ్‌రాజు

టీవీలో బొమ్మను కదలకుండా నిలబెట్టడం అంతా పొదుపు కోసమే అనుకోకూడదు. 1970లో అషితా నో జో అనే బాక్సింగ్ కథ టీవీకి వచ్చినప్పుడు దర్శకుడు దెజాకి ఒసాము, ఉద్రేకం పతాకస్థాయికి చేరిన చోట కదలికను ఆపి, ఆ క్షణాన్ని చేత్తో గీసిన పటంలా నిలబెట్టే పద్ధతిని వాడారు. ఖర్చు తగ్గించే అవసరమూ అక్కడ ఉంది, చూసేవాడి గుండెను ఒక్క లిప్త ఆపే శక్తీ ఉంది. తర్వాత వచ్చినవారిలో చాలామంది ఆగడాన్ని నేర్చుకున్నారు గానీ ఎక్కడ ఆగాలో నేర్చుకోలేదు.

నిశాచరి

సినిమా గురించి నా బాధ చెప్పుకోవాలి. పదో తరగతి సెలవుల్లో 31 సంపుటాలు చదివాను. అప్పటి నుంచి ఇది నాకు హనమిచి కథ. సినిమాలో అతణ్ణి పక్కకు జరిపి, జట్టులో బంతి నడిపించే పాయింట్ గార్డ్ మియాగి ర్యోటాను మధ్యలో నిలబెట్టారు. ఒకినావాలో అతని బాల్యం, చేపల వేటకు పడవలో వెళ్ళి తిరిగిరాని అన్న సోతా, ఆ బిడ్డను మరచిపోలేని తల్లి, ఇవన్నీ మాంగాలో లేవు. వీటికి చోటు ఇవ్వడానికి నాకు ప్రాణమైన ఘట్టాన్ని తీసేశారు. షోహోకు కెప్టెన్ అకాగి కుంగిపోయినప్పుడు, ర్యోనన్ పాత కెప్టెన్ ఉఓజుమి వంటవాడి దుస్తుల్లో కోర్టు పక్కకు వచ్చి ముల్లంగి చెక్కుతూ, నువ్వు మెరిసే చేపవు కావు, బురదలో దొర్లే చేపవని అకాగికి గుర్తుచేసే చోటు అది. ఆ ఒక్క పేజీ నన్ను ఒక పరీక్ష తప్పిన ఏడాది నిలబెట్టింది. అది లేని సన్నో ఆట నాకు అసంపూర్ణం.

పైగా ఆట ఊపందుకున్న ప్రతిసారీ కథ వెనక్కి వెళుతుంది. గోదారిగట్టు గారు సినిమాలో సాగదీత లేదన్నారు. నా దృష్టిలో ఉంది, వేరే వేషంలో వచ్చింది.

సిరాచుక్క

నిశాచరి గారూ, ఉఓజుమి పేజీ విషయంలో మీ బాధ నాకు కూడా ఉంది. కానీ ఆ మార్పు అయిన తీరును ఒకసారి చూడండి. సినిమాకు రచన, దర్శకత్వం రెండూ ఇనోవేవే. తన కథను తానే రెండోసారి చెప్పేటప్పుడు, మొదటిసారి తక్కువగా చెప్పిన మనిషిని ఎంచుకున్నారు. షోహోకు ఐదుగురిలో ర్యోటా ఒక్కడికే మాంగాలో గతం పలచగా ఉంది. అకాగికి జాతీయ పోటీల కల ఉంది, మిత్సుయికి మోకాలి గాయం, దారి తప్పిన రెండేళ్ళు ఉన్నాయి. 168 సెంటీమీటర్ల ర్యోటాకు ఉన్నవి ఒక చెవిపోగు, జట్టు మేనేజర్ ఆయాకో మీద ప్రేమ, ఒక పాత గొడవ మాత్రమే. 1998లో ఇనోవే ‘పియర్స్’ అనే చిన్న కథలో సముద్రం ఒడ్డున ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని, ఒక చెవిపోగును గీశారు. అంటే ఈ మనిషి గురించి ఆయన మనసులో అప్పటి నుంచే ఏదో మిగిలి ఉంది.

ఇక ఆట మధ్యలో గతం రావడం. రెండో సగంలో సన్నో జోన్ ప్రెస్ వేసి, అంటే బంతి ముందుకు రాకుండా అవతలి సగంలోనే చుట్టుముట్టి, 20 పాయింట్లకు పైగా ముందుకు వెళ్ళిపోతుంది. తనకంటే ఎంతో పొడగరులైన ఇద్దరు ర్యోటాను మూలకు తోసి బంతి కదలకుండా మూసేస్తారు. సినిమా అతణ్ణి అంతకుముందే ఒకినావాలో, అన్న ముందు నిలబడి బంతి దాటించలేక నిస్సహాయంగా ఉన్న చిన్న పిల్లవాడిగా చూపించింది. కాబట్టి ఈ ఇద్దరి చేతుల కిందుగా, బంతి దాదాపు నేలను రాసుకుంటూ అతడు బయటపడ్డ క్షణంలో ఎవరూ నోరు తెరిచి వివరించనక్కరలేదు. మాంగాలో వంత చెప్పిన మాటను ఇక్కడ గతం ముందే చెప్పేసింది, ఆట మాత్రం తన వేగంలో తాను నడిచింది. గట్టు మీది వ్యాఖ్యానం తగ్గినా మనకు ఏదీ అర్థం కాకుండా పోకపోవడానికి కారణం ఇదే.

నిశాచరి

ఆ డ్రిబుల్ దగ్గర నాకు కూడా గుండె జల్లుమంది, కాదనను. అయినా నా ముల్లంగి నాకు కావాలి.

ఖమ్మంచదువరి

నిశాచరి గారితో నేను. మూలంలో ఉఓజుమి రాక వింతగా, నవ్వు తెప్పించేటట్టు ఉంటుంది, మరుక్షణమే కన్నీళ్ళు తెప్పిస్తుంది. నవ్వు, ఏడుపు ఒకే పేజీలో ఉండటం ఈ మాంగా స్వభావం. పొట్టి బొమ్మల్లా మారిపోయే ముఖాలు, హనమిచి ప్రగల్భాలు తగ్గించి సినిమా అంతటినీ గంభీరం చేయడం వల్ల ఆ స్వభావంలో ఒక పాలు పోయింది.

కమకురారైలు

చివరి సెకన్ల గురించి కూడా మాట్లాడాలి. మాంగాలో సన్నో 78-77తో ముందుకు వెళ్ళేసరికి 10 సెకన్లు కూడా మిగలవు. అక్కడి నుంచి ఇనోవే మాటలు దాదాపు అన్నీ తీసేస్తారు. పేజీ తర్వాత పేజీ బొమ్మలే. షోహోకు ఆటగాడు రుకావా బంతితో దూసుకుపోతాడు, ఎదుట రెండు గోడలు లేస్తాయి, కుడి పక్కన హనమిచి చేతులు సిద్ధంగా పట్టుకుని నిలబడి ఉంటాడు. “ఎడమ చెయ్యి ఊరికే ఆనించాలి” అని తనలో తాను అనుకుంటాడు. వారం రోజుల్లో 20,000 షాట్లు వేసి నేర్చుకున్న పాఠం అది. ఒకరంటే ఒకరికి పడని ఆ ఇద్దరి మధ్య బంతి మారుతుంది, 79-78, ఆ తర్వాత రెండు పేజీల నిండా ఇద్దరి అరచేతులు కలుసుకుంటాయి.

2023లో ఇక్కడి సినిమా హాల్లో చూసినప్పుడు, ఆ ఘట్టం వచ్చేసరికి శబ్దమంతా ఆగిపోయింది. హాలు నిండుగా ఉంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో పాప్‌కార్న్ కాగితపు సంచీ ఉంది, అది చప్పుడు చేస్తుందేమోనని రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. కథ ఎలా ముగుస్తుందో ఆ హాల్లో దాదాపు అందరికీ తెలుసు. అయినా ఎవరూ కదలలేదు.

పాయింట్‌గార్డ్

పరుగులో ఉన్నవాడికి మాట రాదన్న మాష్టారి మాటకు ఇనోవే గీసిన జవాబు ఇదే కదా. ఆట అంతటా మాటలు నింపిన మనిషి, నిజమైన చివరి పరుగులో ఆ ఎడమ చెయ్యి మాట తప్ప ఇంకేదీ ఉంచలేదు. ముందు అన్ని మాటలు విన్నాము కాబట్టే ఆ నిశ్శబ్దం అంత వినపడింది. 25వ సంపుటం నుంచి ఎవరూ మాట్లాడకుండా ఉండి ఉంటే ఆ పేజీలకు ఆ బలం వచ్చేది కాదు. మాష్టారితో ఇప్పుడు నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, నా పాత మాటను కూడా వదులుకోను.

రీబౌండ్‌రాజు

ఆ గెలుపు తర్వాత ఏమైందో కూడా చెప్పండి. తర్వాతి ఆటలోనే షోహోకు చిత్తుగా ఓడిపోయింది, ఆ ఓటమిని ఇనోవే ఒక్క ఆటగా కూడా గీయలేదు, ఒక వాక్యంలో ముగించారు. కప్పు గెలవడంతో ముగియాలన్న నియమాన్ని అంత జనాదరణ ఉన్న కథలో పక్కన పెట్టడానికి ధైర్యం కావాలి. ఒక బుట్టకు పదుల పేజీలు, ఒక పూర్తి ఆటకు ఒక్క వాక్యం. ఎవరి మనసుకు ఏది ఎంత పొడవో దాన్ని బట్టే ఆయన పేజీలు పంచారు.

నిశాచరి

ఈ మధ్య వచ్చినవారు వేరే దారి పట్టారు. హైక్యూ టీవీ అనిమేను విరామం లేకుండా నడపకుండా విడతలుగా తీశారు కాబట్టి, మూడో విడత 10 భాగాలూ ఒకే వాలీబాల్ ఆటకు ఇచ్చినా నీరసం రాలేదు. 2024లో వచ్చిన సినిమా అయితే ఒకే ఆటను గంటన్నర లోపు ముగించింది, అందులో కొంతసేపు కెన్మా అనే ఆటగాడి కళ్ళతోనే బంతిని చూస్తాము. అతడి ఊపిరి దగ్గరగా వినబడుతుంది. స్లామ్ డంక్ టీవీ అనిమేకు ఆ వెసులుబాటు దొరికి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

గోదారిగట్టు

ఈ చర్చ చదివాక నిన్న రాత్రి నాన్నగారిని బతిమాలి సినిమా ముందు కూర్చోబెట్టాను. మొదట్లో పెన్సిలు గీతలతో ఐదుగురూ ఒక్కొక్కరే రూపు దిద్దుకుని నడిచి వచ్చేటప్పుడు ఏమీ అనలేదు. ఆట మొదలయ్యాక వెనక్కి ఆనుకున్న మనిషి ముందుకు వంగారు. సిరాచుక్క గారు చెప్పిన జోన్ ప్రెస్ దగ్గర, ర్యోటా ఇద్దరి మధ్య నుంచి బయటపడ్డ వెంటనే రిమోట్ తీసుకుని ఆ చోటును మూడుసార్లు వెనక్కి తిప్పించారు. మోకాలు ఎంత వంచాడో, భుజం ఎక్కడ పెట్టాడో నాకు లేచి నిలబడి చూపించారు. ఆయనకు 71 ఏళ్ళు. “వీడు నిజంగా ఆడినవాడు గీసిన బొమ్మరా” అన్నారు. ఇనోవే బడి రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడిన మనిషేనని చెబితే, తనకు తెలుసన్నట్టు తల ఊపారు.

తల్లి ఘట్టాల దగ్గర ఏమీ మాట్లాడలేదు. మా బాబాయి చిన్న వయసులో గోదావరిలో పోయారు, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ర్యోటా తల్లికి ఉత్తరం రాయబోయి, బతికి ఉన్నది నేనైనందుకు క్షమించమని రాసి, దాన్ని పక్కన పెట్టేసిన చోట ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నిశాచరి గారూ, మీకు ముల్లంగి పేజీ ఎలాగో, మా ఇంటికి ఆ ఉత్తరం అలా అయింది.

పొద్దున లేవగానే పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఇంగ్లీషు అనువాదం 31 సంపుటాలూ తెప్పించాలంటే చాలా ఖర్చు అవుతుంది. సన్నో ఆట ఉన్న 25 నుంచి 31 వరకు మాత్రమే కొంటే సరిపోతుందా?

సిరాచుక్క

సరిపోదు. చివరి పేజీల్లో ఎడమ చెయ్యి ఎందుకు ఆనించాలో తెలియాలంటే, అతడికి బంతి పట్టుకోవడమే రాని రోజులు చదవాలి. మొదటి సంపుటం నుంచే మొదలుపెట్టండి, నెలకు రెండు చొప్పున తెప్పించుకోవచ్చు. కుడి నుంచి ఎడమకు చదవాలని మాష్టారికి ముందే చెప్పండి.

నిశాచరి

నా దగ్గర మొదటి ఆరు సంపుటాలు రెండేసి ప్రతులు ఉన్నాయి. మీరు రాజమండ్రి వైపే అయితే చెప్పండి, వచ్చే నెల అటు వస్తున్నాను, తెచ్చి ఇస్తాను. ఉఓజుమి పేజీ వచ్చినప్పుడు మాష్టారు ఏమన్నారో మాత్రం ఇక్కడ రాయాలి.